హనుమాయమ్మ చూసింది

కల్లంలో పోసిన మిరపకాయ నాలుగు ఎండలు తిని గలగలలాడుతోంది. ఇంకో రెండెండలు పడితే టిక్కీలనే గోనె బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి తోలుకోవచ్చు. ఈలోగా తాలు ఏరాలి. తెల్లబారిన కాయ, మచ్చ పడ్డ కాయ, ముక్కు నల్లబడ్డ కాయ, అన్నిటినీ కలిపి తాలు అనే అంటారు. తలకి తువ్వాళ్ళు చుట్టుకుని, ముక్కుకి కొంగు అడ్డం కట్టుకుని ఆరుగురు ఆడవాళ్ళు ఎర్రటి కాయల మధ్య గొంతుక్కూర్చుని ఏరుతున్నారు. 2004, ఫిబ్రవరి నెల. పొద్దున పది దాటిందో లేదో కల్లం కాలిపోతోంది.

అందులో హనుమాయమ్మ ఏరడం చూడాలి. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి. ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది. నోరు పక్కవాళ్ళతో పోట్లాడుతూనే ఉంటుంది. చెయ్యి మాత్రం తన దారిన తాను పోయి సరిగ్గా తాలుకాయ మీదే వాలుతుంది. రెండేళ్ళ కింద యార్డు నుంచి వీళ్ళ టిక్కీ ఒకటి వెనక్కొచ్చింది, నిండా తాలు ఉందని. హనుమాయమ్మ మూతి విప్పి పిడికెడు కాయ తీసి చూసి, "ఇది మా కాయ కాదు. మా కాయకి తొడిమ కింద ముడత ఉంటది, నేను చూశా" అని తేల్చేసింది. ఆరా తీస్తే టిక్కీలు మారిపోయిన మాట నిజమే. నిన్న ఏ కూరతో అన్నం తిన్నదీ గుర్తుండని మనిషికి, ఒకసారి చూసిన కాయ మాత్రం గుర్తుండిపోతుంది. ఊరంతా ఈ వింత చెప్పుకుని నవ్వుకుంటారు గానీ, కోడలు కోటిరత్నానికి మాత్రం నవ్వు రాదు. ఇరవై ఆరేళ్ళుగా పక్కన కూర్చుని చూస్తోంది. ఇప్పటికీ ఆ చెయ్యి అలా పోయి వాలినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

కోటిరత్నం కొత్త పోగు దగ్గరికి లాక్కుందామని ముందుకి వంగింది. నొప్పి వచ్చింది.

బొడ్డు కింద కుడి పక్కన మొదలైంది. వెనక్కి నడుములోకి పోయింది, అక్కడ కాసేపు నిలబడింది, ఆ తర్వాత తొడలోకి దిగింది. కోటిరత్నం ఊపిరి బిగబట్టి దాని వెంటే పోయింది. ఆమెకి నొప్పి కొత్త కాదు, అది వచ్చిన దారీ కొత్త కాదు. పదేళ్ళ పాటు నెలనెలా వచ్చి మూడేసి రోజులు మంచం మీద పడేసిన నొప్పి ఇదే. అయిదేళ్ళ కింద పేట ఆసుపత్రిలో కడుపు కోసి గర్భసంచీ, అటూ ఇటూ ఉన్న అండాశయాలూ తీసేసినప్పుడు, వాటితో పాటే పోయిందనుకున్న నొప్పి. ఉన్న ఇల్లు పడగొట్టేసినా వెతుక్కుంటూ వచ్చిన పాత చుట్టంలా, ఈమధ్య వచ్చిన ప్రతిసారీలాగే ఎక్కడా తడబడకుండా వచ్చింది. భయపడాల్సింది పోయి కోటిరత్నం ఒక్క క్షణం అబ్బురపడింది. ఒంటికి ఎంత జ్ఞాపకం!

"ఏందే, అట్టా బిగుసుకుపోయినావ్?" అంది హనుమాయమ్మ, కాయ మీద నుంచి కన్ను తీయకుండానే.

"నొప్పి, అత్తా. అదే నొప్పి."

"అదే నొప్పేందే? ఆ సంచే లేకపోయె. లేంది నొప్పెట్టుద్దా?"

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వరా మరి! ఆ ఆరుగురిలో నలుగురికి ఆ సంచి లేదు. వాళ్ళ ఊళ్ళో పెద్దాపరేషన్ ఒక మొక్కు లాంటిది, ఎప్పుడో ఒకప్పుడు తీర్చుకోవాల్సిందే. తెల్లబట్ట అయితే పెద్దాపరేషన్, నడుము నొప్పి అయితే పెద్దాపరేషన్, గడ్డ ఉందన్నా పెద్దాపరేషనే. ఎవరికి ఎందుకు చేశారని ఎవరూ అడగరు, పేరు ఒకటే గనక జబ్బూ ఒకటే అనుకుంటారు. తీసిందాన్ని స్టీలు బేసిన్‌లో పెట్టి బయటున్న చుట్టాలకి చూపిస్తారు, నిజంగానే తీశాం చూసుకోండి అని. మత్తులో పడున్న మనిషికి తప్ప అందరికీ చూపిస్తారు. కోటిరత్నానికి మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఏముందని ఆమె అడగలేదు, ఇంట్లోవాళ్ళూ చెప్పలేదు.

ఆ తర్వాత పట్టుకుంది ఆవిరి. ఉన్నట్టుండి గుండెల్లోంచి ఒక మంట లేచి మెడ మీదుగా నెత్తికెక్కేది. చీర తడిసి ముద్దయ్యేది. నిద్ర లేదు, ఎముకల్లో సలుపు. మిరప ఘాటన్నారు. కల్లంలో కూర్చున్నవాళ్ళందరికీ ఉండేదేనన్నారు. హనుమాయమ్మ అయితే నాటకాలంది. కోటిరత్నం నాలుగేళ్ళు అలాగే ఉడికింది. నిరుడు వినాయక చవితికి ముందు ప్రేమ్‌చంద్ ఒక మాత్ర ఇచ్చాడు. ప్రేమ్‌చంద్ ఆ ఊరి ఆరెంపీ డాక్టరు, మోటారు సైకిలు మీద నల్ల సంచీతో తిరుగుతాడు. "మీతో తాలు ఏరే సుబ్బరావమ్మకీ ఇదే ఇస్తున్నానండి, చల్లగా ఉంది. సంచి లేనివాళ్ళకి ఇదొక్కటి చాలు" అన్నాడు.

సజ్జగింజ కంటే కాస్త పెద్ద మాత్ర. పదో రోజుకి ఆవిరి ఆగింది. నెలకి నిద్ర వచ్చింది. కోటిరత్నం ఆ మాత్రని అరచేతిలో పెట్టుకుని ఎంతోసేపు చూసేది. నాలుగేళ్ళ మంటని ఇంత గింజ ఎలా ఆర్పిందో ఆమెకి అంతుపట్టేది కాదు. మింగేముందు కళ్ళకద్దుకునేది కూడా.

కార్తీకం దాటాక ఈ నొప్పి మొదలైంది. మొదట్లో నెలకోసారి, ఇప్పుడు రోజు విడిచి రోజు.

మధ్యాహ్నం ఆమె మొగుడు బుల్లయ్య కల్లంలోకి వచ్చాడు. నిన్న ప్రేమ్‌చందే వీళ్ళని పేటలో సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కడుపు మీద రెండు చోట్ల నొక్కి, లోపల ఏదో ఉంది, తెరిచి చూస్తే గానీ తెలియదన్నాడు.

"సోమవారం పొద్దున్నే ప్రేమ్‌చంద్ ఆటో తెస్తానన్నాడు" అన్నాడు బుల్లయ్య, పెళ్ళాం మొహం చూడకుండా. "కాయ రేపెల్లుండి ఎత్తేస్తే నాకూ తీరుద్ది."

"ఏం తీస్తారంట ఈసారి?" అంది కోటిరత్నం.

"చూస్తే గదా తెలిసేది."

"అప్పుడూ చూశారుగా. చూసి ఏం చెప్పారు నాకు?"

బుల్లయ్య చెడ్డవాడు కాడు. రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషి, ఆసుపత్రి పేరెత్తితేనే ఏదో పని గుర్తొస్తుంది. కాయ కాళ్ళతో తిరగేసుకుంటూ అవతలికి పోయాడు. కత్తికి కోటిరత్నం అంతగా భయపడలేదు. మళ్ళీ మత్తిస్తారు, మళ్ళీ ఆమె లేనప్పుడు ఆమె లోపలికి అందరూ తొంగి చూస్తారు, మెలకువ వచ్చేసరికి ఇంకేదో పోయి ఉంటుంది. ఏం పోయిందో కూడా తెలియదు. ఆమె భయం అది.

పక్కన ఏరుతున్న సుబ్బరావమ్మ గొంతు తగ్గించి అంది. "గుంటూరు కొత్తపేటలో ఖుర్షిదా డాక్టరమ్మ అని ఉందే. మా చెల్లెలి కూతుర్ని కొయ్యకుండా బాగుచేసింది. కొయ్యకముందు ఒకసారి ఆమెకి చూపించుకో. రేపు శనివారమేగా."

"ఎవరు తీసుకుపోతారు?"

బుల్లయ్యకి కల్లం విడిచే వీల్లేదు. అటూ ఇటూ చూసి చివరికి అందరూ హనుమాయమ్మ వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారు? తాలు ఎవరు ఏరతారు, మీ బాబా?" అని కయ్యిమంది ఆమె. పొద్దున్నే ఆరు గంటల బస్సుకి మాత్రం అందరికంటే ముందు ఆమే వచ్చి నిలబడింది, ఉతికిన చీర కట్టుకుని.

*

బస్సు కిటికీలోంచి రోడ్డు పొడుగునా కల్లాలే. ఎక్కడ చూసినా ఎర్ర దుప్పట్లు పరిచినట్టు కాయ. హనుమాయమ్మ దారంతా వాటికి మార్కులు వేస్తూనే ఉంది. "వీడు పచ్చిమీద కోశాడు. ఆ మూల చూడు, మంచుకి పట్టా కప్పలా, తెల్లబడింది." కోటిరత్నం వినలేదు. రెండుసార్లు నొప్పి వచ్చి పోయింది. రెండోసారి సీటు కమ్మీ పట్టుకుని కళ్ళు మూసుకుంటే, మార్కులు వేసే గొంతు ఆగిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే అత్త బయటికి చూడడం లేదు. కోడలి కడుపు వైపు చూస్తోంది. చూపులు కలవగానే మొహం తిప్పేసుకుంది.

ఖుర్షిదా డాక్టరమ్మ నలభై ఏళ్ళ మనిషి, సన్నగా, తెల్లటి దుపట్టా తల మీద సగం దాకా వేసుకుని ఉంది. పేటలో సర్జన్ లాగా ముందు కడుపు నొక్కలేదు.

"నొప్పి ఎక్కడ మొదలై ఎటు పోతుందో వేలితో గీసి చూపించమ్మా" అంది.

కోటిరత్నానికి అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చీర కాస్త తప్పించి, చూపుడు వేలు కుడి పక్కన పెట్టి, వెనక్కి నడుము దాకా పోనిచ్చి, తొడ మీదికి దించింది. డాక్టరమ్మ ఆ గీత వెంట తన వేలు పెట్టుకుంటూ వచ్చింది. లోపలి పరీక్ష కూడా చేసింది. ఒక చోట వేలు ఆగగానే కోటిరత్నం కెవ్వుమంది.

"ఇక్కడే గదా? విరేచనానికి వెళ్ళినప్పుడు ఎక్కువవుతుందా?"

"అవుద్దండి. చెప్పడానికి సిగ్గై చెప్పలేదు."

"నొప్పి ఉందమ్మా. నిజంగానే ఉంది."

ఆ మాటకి కోటిరత్నానికి ఏడుపొచ్చింది. గదిలో మూల స్టూలు మీద కూర్చున్న హనుమాయమ్మ గట్టిగా దగ్గింది.

స్కాన్ గదిలో కడుపు మీద చల్లటి జిగురు పూశారు. ఆ చలువకి ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మ బూడిద రంగు తెర ఆమె వైపు తిప్పి, ఇది మూత్రాశయం, ఇది పేగు అని చూపించింది. "ఇక్కడ ఉండేదమ్మా నీ గర్భసంచి." కోటిరత్నం తల ఎత్తి చూసింది. ఒక పిల్లవాణ్ణి మోసిన చోటు. ఇప్పుడు అక్కడ మబ్బు పట్టిన ఆకాశంలా ఏదో కదులుతోంది, అంతే. బతికుండగా తన లోపల ఏముందో చూసుకోవచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నోరు తెరుచుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఇదిగో, పేగు పక్కన ఈ నల్ల నీడ. చిన్నదే. ఇదేమిటో తేలాలి."

మళ్ళీ గదిలోకి వచ్చాక డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుంది.

"ఆపరేషన్ ఎందుకు చేశారు?"

"పెద్దాపరేషనండి" అంది కోటిరత్నం.

"అది తెలిసిందమ్మా. ఎందుకు చేశారు అని."

అత్తా కోడళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. కోటిరత్నం సంచిలోంచి చీటీ తీసింది. మడతల దగ్గర చిరిగిన ఆ చీటీలో తేదీ, గర్భసంచీ అండాశయాలూ తీసినట్టు ఒక వాక్యం, ఎర్రటి రబ్బరు ముద్ర ఉన్నాయి. తీసిన కారణం లేదు. పరీక్షకి పంపిన రిపోర్టు లేదు. ఆ ఆసుపత్రి మూతపడి మూడేళ్ళయింది, ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు కట్టారు.

డాక్టరమ్మ ప్రేమ్‌చంద్ ఇచ్చిన మాత్రల అట్ట తిప్పి చూసింది. "చూడమ్మా, ఇది హార్మోన్ మాత్ర, ఈస్ట్రోజన్ అంటారు. అండాశయాలు తీసేశాక ఒంట్లో అది ఉండదు, అందుకే ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకల సలుపు. అది ఇవ్వడం తప్పు కాదు. గర్భసంచి లేనివాళ్ళలో చాలామందికి ఇదొక్కటే ఇస్తాం కూడా. కానీ ఎందుకు తీశారో అడక్కుండా ఇవ్వకూడదు. నీకున్న జబ్బు నేను అనుకుంటున్నదే అయితే, ఈ మాత్ర దానికి తిండి. అది కాకపోతే మాత్రం ఈ నీడ కొత్తది. కొత్తదైతే భయపడాల్సిందే, తెరిచి చూడమన్న పేట సర్జన్ మాటే నిజమవుతుంది. ఆ రోజు లోపల ఏముందో ఒక్క ముక్క తెలిసినా నాకు దారి దొరుకుతుంది." పెన్ను కింద పెట్టింది. "తీసింది మీవాళ్ళకి చూపించే ఉంటారు. ఎవరు చూశారు?"

"మా ఆయన కళ్ళు తిరిగి పడిపోయాడండి అప్పుడు" అంది కోటిరత్నం.

డాక్టరమ్మ చీటీ మడిచి తిరిగి ఇవ్వబోయింది.

"నేను చూశా" అంది హనుమాయమ్మ.

స్టూలు మీద నుంచి లేచింది. బల్ల దగ్గరికి వచ్చి, బేసిన్ అక్కడే ఉన్నట్టు బల్ల మీదికి వంగింది. సగం మూసుకునే ఎడమ కన్ను కూడా తెరుచుకుంది.

"సంచి బత్తాయంత ఉందమ్మా. ఒకవైపు బాగానే ఉంది. కుడి పక్కన ఇంకో తిత్తి, కోడిగుడ్డంత, అది పగిలిపోయింది. లోపల్నించి నల్లగా, చిక్కగా, ముదురు బెల్లప్పాకం మాదిరి కారింది బేసిన్లోకి. రక్తం అట్టా ఉండదు గదా అనుకున్నా. సంచిని వెనక్కి తిప్పాడు ఆ డాక్టరు. వెనకంతా మచ్చలు. నల్లయ్యి తొమ్మిది. మిరపగింజంత కొన్ని, కందిగింజంత కొన్ని. నీలంగా ఉన్నయ్యి మూడు, అయ్యి కాస్త ఉబ్బున్నయ్యి. మచ్చల చుట్టూ తెల్లగా ముడత పడింది, కాయ ఎండకి మాడితే పడే మాదిరి. కింద అంచున ఒక్కటి మాత్రం ఎర్రగా, అప్పుడే వచ్చినట్టు నిగనిగలాడతా ఉంది."

డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది. కోటిరత్నం కుర్చీలో కదలడం మర్చిపోయింది.

"ఆ డాక్టరు పట్టకారుతో ఒక నల్లమచ్చ చూపించి, ఇట్టాంటియ్యే ఇంకో నాలుగు వెనక పేగు మీద ఉన్నయ్యమ్మా, కుడిపక్క, గీకితే పేగుకి చిల్లు పడుద్ది, వదిలేశా అన్నాడు. గుడ్ల తిత్తులు తీసేశాం గాబట్టి ఇంక అయ్యే ఎండిపోతయ్యి అన్నాడు. అంతేనమ్మా. తలుపేసుకున్నాడు."

డాక్టరమ్మ తలెత్తి ఆ ముసలామె వైపు చూసింది. రాసుకున్నది ఒకసారి చదువుకుంది.

"మామ్మగారూ, పదిహేనేళ్ళుగా నేను ఆపరేషన్ రిపోర్టులు చదువుతున్నాను. నల్ల మచ్చ, నీలం మచ్చ, తెల్ల ముడత, ఎర్ర మచ్చ అని విడివిడిగా రాసిన రిపోర్టు చాలా తక్కువ చూశాను. దీన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. మీరు చెప్పినట్టే ఉంటుంది, అచ్చంగా."

"వేలిముద్ర వెయ్యాలా?" అంది హనుమాయమ్మ బెదురుగా.

"అక్కర్లేదండీ" అని నవ్వి, డాక్టరమ్మ కోటిరత్నం వైపు తిరిగింది. గర్భసంచి లోపల ఉండే పొర లాంటిదే బయట, ఉండకూడని చోట మొలుస్తుందనీ, నెలనెలా అదీ రక్తం కారుస్తుందనీ, పోయే దారి లేక ఆ రక్తం అక్కడే నల్లగా గడ్డకడుతుందనీ చెప్పింది. అండాశయాలు పోతే దానికి తిండి ఆగి ఎండిపోతుంది. ఎండుతుంది గానీ అన్నిసార్లూ చావదు.

"విత్తనం ఎండితే చచ్చినట్టా? తడి తగిలితే లేవదూ!" అంది హనుమాయమ్మ, తనలో తను అనుకున్నట్టు.

"సరిగ్గా అంతే. ఈ మాత్ర ఆ తడి. ఇది ఈ రోజే ఆపెయ్యండి. కొన్నాళ్ళు ఆవిర్లు మళ్ళీ వస్తాయమ్మా, ఓర్చుకోవాలి. నొప్పి తగ్గాక రెండు రకాల హార్మోన్లు కలిసిన మాత్ర తక్కువ మోతాదులో ఇస్తాను. రెండోది ఆ మచ్చల్ని అదుపులో పెడుతుంది. అవి మళ్ళీ లేవవని మాట ఇవ్వలేను. నెలకోసారి రావాలి, మూడు నెలలకి స్కాన్ చేసి నీడ తగ్గిందో లేదో చూడాలి. తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ మాట, అదీ ఏం చేస్తామో నీకు ముందు చెప్పి. సోమవారం మాత్రం కత్తి అక్కర్లేదు."

కోటిరత్నం వినాల్సిందంతా విన్నది. ఆమె చూపు మాత్రం అత్త చేతి మీదే ఉంది. బల్ల మీద ఆ ముడతల వేళ్ళు ఇంకా కనపడని మచ్చల్ని ఒక్కొక్కటిగా పక్కకి ఏరుతున్నట్టు కదులుతున్నాయి. ఇరవై ఆరేళ్ళుగా ఒళ్ళు జలదరింపజేసిన చెయ్యి. ఆ కన్ను అయిదేళ్ళుగా తన కడుపుని కూడా దాచి ఉంచింది. కోటిరత్నానికి కృతజ్ఞతా, కోపం ఒక్కసారే వచ్చాయి.

*

ఎండ తగ్గే వేళకి కల్లం చేరారు. కూలీలు వెళ్ళిపోయారు. బుల్లయ్య ఆ చివర పట్టాలు విప్పుతున్నాడు, మంచు దిగకముందే కప్పాలని. కోటిరత్నం అప్పుడంది.

"నాకెందుకు చెప్పలేదత్తా?"

హనుమాయమ్మ కూలబడింది. ఈసారి కయ్యిమనలేదు.

"మీ మామకి గొంతులో గడ్డ తీసి, కొంచెం మిగిలింది అని చెప్పాడే అప్పటి డాక్టరు. ఆ కొంచెం మాట పట్టుకునే మనిషి కృశించి పోయాడు. జబ్బుతో పోలేదు, ఆ దిగులుతో పోయాడు. నీకూ నాలుగు మిగిలినయ్యంటే ఏమైపోతావో అని." కొంగు వేలికి చుట్టుకుంది. "నొప్పి అన్నప్పుడల్లా ఆ నాలుగూ నా కళ్ళముందు నిలబడేయి. నువ్వు అనకుండా ఉంటే అయ్యి లేకుండా పోతయ్యని, లేదు లేదు అని నీ మీద అరిచేదాన్ని. నాకు భయమే, రత్నం. నువ్వు పోతావేమోనని భయం."

ఇరవై ఆరేళ్ళలో ఆమె నోట ఆ మాట విన్నది అదే మొదటిసారి. కోటిరత్నానికి కోపం పోలేదు. పోకుండానే పక్కన కూర్చుంది.

"నాకూ చూపించు" అంది.

"ఏంది?"

"అందరికీ చూపించారు. నాకు చూపించలా. నువ్వు చూసింది నాకు చూపించు."

హనుమాయమ్మ కాయ జరిపి గుండ్రంగా నేల ఖాళీ చేసింది. అదీ బేసిన్. పండు కాయలు ఏరి, ముక్కులు లోపలికి పెట్టి, బత్తాయంత గుండ్రంగా పేర్చింది. పక్కన కోడిగుడ్డంత ఇంకోటి, తాలుకాయలతో. అది సరిపోలేదని సంచిలోంచి బస్టాండులో కొన్న బెల్లం అచ్చు తీసి చిన్న ముక్క విరిచి పక్కన పెట్టింది. ఆ తర్వాత తాలుపోగులోంచి నల్ల మచ్చలున్న కాయలు తీసి, మచ్చ వరకే గోటితో తుంచి, ఒక్కొక్కటే పెట్టింది. పెట్టి, తల వంచి చూసి, ఒకదాన్ని వేలెడు దూరం జరిపింది. అయిదేళ్ళ కింద రెండు నిమిషాలు చూసిన దాన్ని అంత కచ్చితంగా జరిపింది. తొమ్మిది నల్లవి. కాయల్లో నీలానికి ఏదీ దొరక్క, పగిలిన నీలం గాజు ముక్కలు మూడు ఏరుకొచ్చింది. అంచున ఒక నిగనిగలాడే పండు మిరప ముక్క.

చివరికి ఇంకో నాలుగు నల్ల ముక్కలు తీసి, గుండ్రం బయట, కుడి పక్కన పెట్టింది.

"ఇయ్యే" అంది.

కోటిరత్నం ముందుకి వంగి చూసింది. వాలుతున్న ఎండలో కాయలు లోపల్నించి వెలుగుతున్నట్టున్నాయి. ఇదా తను మోసింది. పదేళ్ళు మంచం మీద పొర్లించింది ఇవా, ఇంతింత ముక్కలా! అసహ్యం వేస్తుందనుకుంది, భయం వేస్తుందనుకుంది. ఏదీ వేయలేదు. తనకి తెలియకుండా తన ఒంట్లో ఎవరూ విత్తకుండానే ఇంత మొలిచింది, ఎండింది, చావకుండా కాచుకుని ఉంది. పెద్ద కొండ ముందో సముద్రం ముందో నిలబడ్డట్టు కోటిరత్నం తన కడుపు ముందు కూర్చుంది. చెయ్యి చాపి, బయటున్న నాలుగింటినీ ఒక్కొక్కటిగా తాకి చూసింది.

బుల్లయ్య పట్టా లాక్కుంటూ అక్కడిదాకా వచ్చాడు. "ఏందిది, ముగ్గా?" అన్నాడు.

"నీ పెళ్ళాం కడుపు" అంది హనుమాయమ్మ. "కళ్ళు తిరక్కుండా చూడరా ఈసారైనా."

బుల్లయ్య చూశాడు. చేతిలో పట్టా జారిపోయింది గానీ, తను పడిపోలేదు. కోటిరత్నం ఏది ఏమిటో వేలితో చూపించి చెప్పింది. తన సంగతి తను చెప్పడం ఎలా ఉంటుందో ఆమెకి ఆ సాయంత్రమే తెలిసింది.

*

సోమవారం పొద్దున్నే, కాయ ఇంకా సగం ఎత్తాల్సిన కల్లం దగ్గర ఆటో ఆగింది. ప్రేమ్‌చంద్ దిగాడు. తాలు ఏరే ఆడవాళ్ళందరూ తలలెత్తారు.

"రెడీయేనా అండి కోటిరత్నం గారూ? ఎనిమిదింటికల్లా ఆయన థియేటర్లోకి వెళ్ళిపోతారు."

"నేను రావట్లేదండి" అంది కోటిరత్నం. "గుంటూరులో చూపించుకున్నా. మీరిచ్చిన మాత్ర కూడా ఆపమన్నారు. నా జబ్బుకి అది పడదంట."

ప్రేమ్‌చంద్ మొహం మాడ్చుకున్నాడు. "సుబ్బరావమ్మ గారికి పడింది, మీకెందుకు పడదండి? అదే ఆపరేషను, అదే మాత్ర. గర్భసంచే లేని మనిషికి ఇంకా ఏం జబ్బుంటుంది? లేనిది నొప్పెడుతుందా?"

కల్లంలో ఎవరూ నవ్వలేదు. అప్పటికే హనుమాయమ్మ లేచి నిలబడింది.

"ఎవడన్నాడు లేదని? ఉంది. నేను చూశా."

"మీకేం తెలుస్తుందండి మామ్మగారూ..."

"నల్లయ్యి తొమ్మిది, నీలం మూడు, ఎర్రది ఒకటి, వదిలేసినయ్యి నాలుగు. గుంటూరు డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. నువ్వేం రాసుకున్నావు? ఎందుకు చేశారని ఒక్కరోజన్నా అడిగావా నువ్వు? నేనూ అడగనియ్యలా, అది నా తప్పు. మా రత్నం నొప్పి అంటే నొప్పే. ఇంక ఈ కల్లంలో ఎవరన్నా లేదన్నారంటే తాలు ఏరినట్టు ఏరి అవతల పోస్తా."

సుబ్బరావమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని, "నాకెందుకు చేశారో నాకూ తెలవదే" అంది నెమ్మదిగా. సంచి లేని మిగతా ఇద్దరూ ఏరడం ఆపేసి కూర్చున్నారు. ఆటో కాసేపు చప్పుడు చేస్తూ నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఎండెక్కింది. మాత్ర ఆపి మూడో రోజు. ఉన్నట్టుండి కోటిరత్నం గుండెల్లోంచి మంట లేచింది. మెడ దాటింది, చెవులు దాటింది, నెత్తికెక్కింది. తువ్వాలు లాగిపారేసి కళ్ళు మూసుకుంది. నాటకాలనే మాట కోసం అలవాటుగా ఎదురు చూసింది.

ఆ మాట రాలేదు. గాలి వచ్చింది. కళ్ళు తెరిస్తే హనుమాయమ్మ ఎదురుగా నిలబడి, గింజలు చెరిగే చేటతో రెండు చేతులా విసురుతోంది. చేటకి అంటుకున్న మిరప్పొడి గుప్పుమని లేచింది. కోటిరత్నం తుమ్మింది. హనుమాయమ్మ తుమ్మింది. కల్లంలో అందరూ తుమ్మడం మొదలుపెట్టారు.

"అయ్యో, అత్తా, ఆపు!" అంది కోటిరత్నం, తుమ్ముల మధ్య నవ్వుతూ.

హనుమాయమ్మ ఆపింది. చేటని తిరగేసి, ఉతికిన చీర కొంగుతో మూలమూలలా శుభ్రంగా తుడిచింది. ఎండకేసి పట్టి పొడి మిగిలిందేమో చూసుకుంది. మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.